మిల్లు ఇంజన్ నమూనా: చిన్న పార్టుల డైరీ

జూన్ 12

అజ్జరం నుంచి సిలిండర్ పోత వచ్చింది. పెరవలి దగ్గరున్న ఆ ఊరు ఇత్తడి సామాన్లకి పేరు. బిందెలు, గంటలు, గుడి సామాన్లు పోసే చోట స్టీమ్ ఇంజన్ సిలిండర్ కావాలని అడిగింది నేనొక్కణ్ణేనట. నేను చేసిచ్చిన చెక్క నమూనాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటండీ, దేవుడి పీఠమా?" అన్నారు పోత పోసే ఆయన. లోహం నేనే ఇచ్చాను. షెడ్డులో పోగైన పాత పంపు బుష్‌లు, కిలోన్నర. అవి గన్‌మెటల్, అంటే రాగిలో తగరం కలిసిన లోహం. ఆవిరి వేడికీ, రాపిడికీ మామూలు ఇత్తడి కంటే బాగా ఆగుతుంది. పోత శుభ్రంగా వచ్చింది. ఒక మూల చిన్న ఇసుక గుంట ఉంది గానీ అది ఎలాగూ కోతలో పోయే భాగమే.

ఇంతకీ ఏం చేస్తున్నానంటే, మా తాత పనిచేసిన రైసు మిల్లు ఇంజన్‌కి నమూనా. ఆయన ఇంజన్ డ్రైవర్. ఊక తగలేసి బాయిలర్‌లో ఆవిరి పుట్టించి, ఒక్క సిలిండర్ ఉన్న అడ్డ ఇంజన్‌తో మిల్లంతా తిప్పేవారు. వరి పండే చోట ఊకకి కొదవేముంది? కరెంటు మోటార్లు వచ్చాక ఇంజన్ తుక్కు కింద పోయింది. ఇప్పుడు అక్కడ ఫౌండేషన్ దిమ్మ ఉంది, దాంట్లో తుప్పు పట్టిన నాలుగు బోల్టులున్నాయి, ఫ్లైవీల్ తిరిగిన గుంట ఉంది. పోయిన వేసవిలో టేపు పట్టుకుని ఆ గుంటలోకి దిగాను. పక్క గోడ మీద సున్నం ఊడిపోయినా నూనె చిమ్మిన మరక మాత్రం చక్రం వంపులోనే నల్లగా నిలిచి ఉంది. ఆ వంపుని కొలిస్తే చక్రం అడ్డం 6 అడుగులని తేలింది. నమూనా 16వ వంతు అనుకున్నాను. ఫ్లైవీల్ 114 మిల్లీలు, సిలిండర్ బోరు (లోపలి అడ్డం) 18, స్ట్రోకు (పిస్టన్ నడిచే దూరం) 30.

పగలు నా షెడ్డులో జరిగేది రొయ్యల చెరువుల ఏరియేటర్ షాఫ్టులు, పంపు బుష్‌లు, ట్రాక్టర్ పిన్నుల పని. లేత్ ఆరడుగులది, ఇరవై కిలోల షాఫ్టుని కూడా కదలకుండా పట్టుకుంటుంది. నమూనా పని రాత్రి ఎనిమిది దాటాక. ఇన్నేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, చిన్న పార్టులో కోయడం కష్టం కాదు. పట్టుకోవడమే కష్టం. ఎక్కడ పట్టాలి, ఎంత బిగించాలి, ఏ కోత ముందు, ఏది చివర అన్నది తేలితే మిగతా పని గంటలో అయిపోతుంది. ఈ డైరీలో ఎక్కువగా ఆ లెక్కలే రాస్తాను.

జూన్ 21

సిలిండర్ బోరు. మొదట పోతని ముట్టుకోలేదు. అంతే మందం ఉన్న పాత బుష్ ఒకటి మూడు దవడల చక్‌లో (లేత్‌లో ముక్కని పట్టి తిప్పే భాగం) బిగించి, 18 మిల్లీలకి బోరు చేసి చూశాను. చక్‌లో ఉండగా కొలిస్తే 18.00. తీసి కొలిస్తే కూడా ఎటు తిప్పినా 18.00 చుట్టుపక్కలే. బాగుందనుకుంటూ 17.98కి తిప్పిన ప్లగ్గు ఒకటి దూర్చబోతే దూరలేదు.

ప్లగ్గుకి సన్నగా నీలం రాసి బలవంతంగా నెట్టి తీసి చూస్తే, లోపల మూడు చోట్ల రంగు అంటింది, మూడు చోట్ల అంటలేదు. సరిగ్గా మూడు దవడల లెక్కే. బిగించినప్పుడు పల్చటి గోడ దవడల దగ్గర లోపలికి నొక్కుకుంటుంది. ఆ నొక్కుడు మీదే మనం గుండ్రంగా కోస్తాం. వదలగానే గోడ తన చోటికి వెళ్ళిపోతుంది, బోరు మూడు మూలల ఆకారం అవుతుంది. వెర్నియర్‌కి ఇది దొరకదు. ఒక పక్క ఉబ్బు ఉంటే దానికి ఎదురుగా నొక్కు ఉంటుంది కాబట్టి రెండు వైపులా తాకి కొలిచే పనిముట్టుకి ఎప్పుడూ ఒకటే కొలత కనిపిస్తుంది. పంపు బుష్‌కి దీనివల్ల పెద్ద నష్టం లేదు, ఎలాగూ హౌసింగ్‌లో నొక్కేస్తాం. ఇంజన్ సిలిండర్‌కి మాత్రం ఆవిరి ఆ సందుల్లోంచే జారిపోతుంది.

అందుకే చక్ మానేశాను. టూల్ పోస్ట్ (కోత పనిముట్టుని పట్టే దిమ్మ) తీసేసి, పోతని అది కూర్చునే క్రాస్ స్లైడ్ మీదే కూర్చోబెట్టి, కింద ప్యాకింగులు పెట్టి, రెండు చివర్ల ఫ్లాంజి మీద క్లాంపులు వేశాను. గోడ మీద ఎక్కడా ఒత్తిడి పడదు. 12 మిల్లీల బోరింగ్ బార్‌ని లేత్ రెండు కొసల్లో ఉండే సెంటర్ల (మొనల) మధ్య బిగించాను. బార్ తిరుగుతుంది, సిలిండర్ క్యారేజీతో పాటు నెమ్మదిగా ముందుకి నడుస్తుంది. బార్‌లో అడ్డంగా గుచ్చిన చిన్న టూల్ బిట్టే కోస్తుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. జేమ్స్ వాట్ 1769లో తన ఆవిరి ఇంజన్‌కి పేటెంట్ తీసుకున్నాక కూడా కొన్నేళ్ళ పాటు ఆయనకి సరైన సిలిండర్ దొరకలేదు. పిస్టన్ చుట్టూ ఆవిరి కారిపోయేది. ఇంగ్లండులో ఫిరంగులు బోరు చేసే జాన్ విల్కిన్సన్ సిలిండర్ల కోసం వేరే మర కట్టాడు. ఒక చివర గాలిలో వేలాడే బార్ కాకుండా, సిలిండర్‌లోంచి దూరి బయటికి వచ్చి రెండు చివర్లా ఆనుకుని తిరిగే బార్ పెట్టాడు. 50 అంగుళాల సిలిండర్‌లో తేడా ఒక పాత షిల్లింగ్ నాణెం మందం కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ సంబరపడి రాశాడు. ఆ తరవాతే వాట్ ఇంజన్ అమ్ముడుపోయే సరుకు అయింది. రెండు చివర్లా పట్టుకోవడంలో ఉన్న బలం అది. రెండున్నర వందల ఏళ్ళ తరవాత పాలకొల్లు షెడ్డులో 18 మిల్లీల సిలిండర్‌కి అదే పద్ధతి పనికొచ్చినందుకు ఆ రాత్రి నాకు చాలా ఆనందంగా అనిపించింది.

బిట్టుని ఒక్కో కోతకి 0.1 బయటికి జరిపాను, అడ్డం మీద 0.2 అవుతుంది. చివరి కోత తరవాత బిట్టు కదపకుండా అదే దారిలో ఇంకో రెండు సార్లు నడిపాను. బార్ వంగి వదిలేసిన పొరేదైనా ఉంటే ఆ నడకల్లో రాలిపోతుంది. మూడోసారి ఏమీ రాలలేదు. ప్లగ్గుకి నూనె రాసి ఒక చివర పెట్టి వదిలితే, లోపలి గాలిని తోసుకుంటూ తన బరువుకి తనే నెమ్మదిగా దిగింది. అవతలి చివర వేలితో మూస్తే అక్కడే ఆగిపోయింది. వేలు తీస్తే మళ్ళీ దిగింది. మా అమ్మాయిని నిద్ర లేపి చూపించాను.

జూన్ 30

సిలిండర్ రెండు చివర్లూ సమం చేశాను, పొడవు 44. రెండు మూతల అంచులూ లోపలికి చెరో 2 మిల్లీలు దిగుతాయి. మిగిలిన 40లో స్ట్రోకు 30, పిస్టన్ మందం 8, రెండు చివర్లా చెరో మిల్లీ ఖాళీ. బోరుకి చివర్లు సరిగ్గా లంబంగా ఉండాలి కాబట్టి, బోరులో బిగుతుగా దూరే కడ్డీ (మాండ్రెల్) ఒకటి లేత్ మీద తిప్పి, దాన్ని చక్‌లోంచి తియ్యకుండానే సిలిండర్ దానికి ఎక్కించి కోశాను.

ఒక మాట. వానలు మొదలైనప్పటి నుంచి తుప్పు గొడవ. సముద్రం దగ్గర కావడంతో రాత్రి తుడిచి పెట్టిన సిల్వర్ స్టీల్ రాడ్డు పొద్దుటికి చెమట పట్టి, మర్నాటికి చుక్కలు వేస్తోంది. తయారైన ప్రతి పార్టూ నూనె గుడ్డలో చుట్టి మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెడుతున్నాను.

జూలై 8

పిస్టన్, పిస్టన్ రాడ్డు. రాడ్డు 4 మిల్లీల స్టెయిన్‌లెస్. పిస్టన్ విడిగా 17.95కి తిప్పేసి తరవాత రాడ్డుకి బిగిస్తే చాలదా అంటే, చాలదు. రాడ్డుని పిస్టన్‌కి బిగించే మర (థ్రెడ్) ఎంత జాగ్రత్తగా కోసినా వెంట్రుకవాసి వంకర ఉంటుంది. రాడ్డు చివర ఆ వంకర పిస్టన్ అంచు దగ్గర కనిపిస్తుంది. ఒకవైపు ఒరుసుకుంటుంది, ఒకవైపు వదులుగా ఉంటుంది.

అందుకని పిస్టన్‌ని 19 మిల్లీల దగ్గర వదిలేసి రాడ్డుకి బిగించి, ఆ తరవాత రాడ్డుని పట్టుకుని పిస్టన్‌ని తిప్పాలి. రాడ్డుని మూడు దవడల చక్‌లో నేరుగా పట్టలేం, నా చక్‌లో 0.1 దాకా తేడా ఉంది. ఒక ఇత్తడి ముక్క చక్‌లో బిగించి, అక్కడే 4 మిల్లీల రంధ్రం చేసి రీమరు (రంధ్రం కొలత సరిచేసే పనిముట్టు) నడిపి, దవడ దగ్గర గుర్తు గీసి, తీసి, ఒక పక్క రంపంతో చీల్చాను. మళ్ళీ అదే గుర్తు దగ్గర పెట్టి బిగిస్తే చీలిన బుష్ రాడ్డుని చుట్టూ సమంగా పట్టుకుంటుంది. డయల్ గేజ్ ముల్లు 0.01 కూడా కదల్లేదు. చక్ ఎంత పాతదైనా, అక్కడికక్కడే చేసుకున్న బుష్ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది.

రాడ్డు మీద మర కోసేటప్పుడు డై (బయటి మర కోసే బిళ్ళ) చేత్తో పట్టుకోకండి. మొదటి రాడ్డు అలాగే పోయింది. లేత్ అవతలి చివరుండే టెయిల్ స్టాక్‌లో జారే డై హోల్డర్ చేసుకుంటే మర తిన్నగా వస్తుంది. ఆ హోల్డర్ చెయ్యడానికి ఒక సాయంత్రం పడుతుంది గానీ ఇంజన్ అయ్యేదాకా దాన్ని వాడుతూనే ఉంటాం.

పిస్టన్ చుట్టూ 3 మిల్లీల వెడల్పు గాడి తీశాను. అందులో గ్రాఫైట్ పట్టించిన నూలు చుడతాను. ఈ సైజులో స్ప్రింగు రింగుల కంటే అదే నయం.

జూలై 19

ఎక్సెంట్రిక్. క్రాంకు షాఫ్టు మీద కూర్చుని స్లైడ్ వాల్వ్‌ని ముందుకీ వెనక్కీ నడిపే పక్కకి జరిగిన చక్రం ఇది. మధ్య నుంచి 2 మిల్లీలు జరగాలి. నాలుగు దవడల చక్‌లో పెట్టి, డయల్ గేజ్ ఆనించి తిప్పితే ముల్లు మొత్తం 4 మిల్లీలు తిరగాలి. జరుపు 2 అయితే ఒకవైపు 2, అటువైపు 2. మా కుర్రాడు ఐటీఐ చదివినవాడే, అయినా మొదటిది ముల్లు 2 తిరగగానే ఆపేశాడు. జరుపు 1 వచ్చింది. తప్పు పట్టడానికేం లేదు, ఈ మెలిక అందరూ ఒకసారి తినేదే. రెండోది తనే చేశాడు, సరిగ్గా వచ్చింది.

బయటి గుండ్రం, గాడి, పక్కన బాసు (పొడుచుకొచ్చే మెడ), షాఫ్టు రంధ్రం, వీటి వరస ముఖ్యం. ముందు పొడుగు రాడ్డు మీదే బయటి గుండ్రం, గాడి. తరవాత 2 మిల్లీలు జరిపి బాసు, రంధ్రం. ముక్క తెంపడం అన్నిటికంటే చివర. ముందే తెంపితే 6 మిల్లీల బిళ్ళని పట్టుకోవడానికి ఇంకో రాత్రి పోతుంది.

జూలై 27

ఇవాళ పెద్ద దెబ్బ. సిలిండర్ వెనక మూతకి ఆరు ఎం2 స్టడ్డులు, అంటే 2 మిల్లీల తలలేని మరమేకులు. రంధ్రాలు 1.6 డ్రిల్లుతో, లోతు 6. గన్‌మెటల్, ఇత్తడి లాంటి వాటికి డ్రిల్లు అంచుని సాన రాయి మీద కొంచెం చదును చేసుకోవాలి, లేకపోతే డ్రిల్లు మరలాగా లోపలికి లాక్కుపోతుంది. అదంతా చేశాను. ఐదు రంధ్రాలకి మర పడింది. ఆరోదాంట్లో ట్యాపు (రంధ్రంలో మర కోసే పనిముట్టు) విరిగింది.

విరిగిన చప్పుడు కూడా రాలేదు. చేతిలో బరువు ఉన్నట్టుండి తేలికైంది, అంతే. తప్పు ట్యాపుది కాదు. నేను వాడింది ఎం6 దాకా పట్టే రెంచి, దాని పిడి నా జానెడు. ఆ పిడి చివర వేలు ఆనిస్తే చాలు, ఎం2 ట్యాపుకి అది పెద్ద బలమే. చిన్న ట్యాపుని రెండు వేళ్ళతో పట్టే ముద్దలాంటి పిడితోనే తిప్పాలి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. నాకు తెలుసు. పక్క గదిలో ఉన్న చిన్న పిడి తెచ్చుకోలేదు.

విరిగిన ముక్క అంచు కంటే అర మిల్లీ లోపలికి ఉంది, పట్టకారుకి అందదు. డ్రిల్లు చేద్దామంటే ట్యాపు ఉక్కు డ్రిల్లు కంటే మెత్తన కాదు. డ్రిల్లు పక్కకి జారి గన్‌మెటల్‌ని తినేస్తుంది. నెల రోజుల పని ఉన్న సిలిండర్ అది. రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 30

గోదావరికి వరద. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేశారు, అంటే బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటింది. కాలువ నీళ్ళు ఎర్రగా, బురదగా వస్తున్నాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది, షెడ్డులో పని లేదు.

పొద్దున్న అమ్మ కుండలో నీళ్ళు తేర్చడానికి పటిక ముక్క తిప్పుతోంది. ఆ ముక్క చూడగానే గుర్తొచ్చింది. గడియారాలు బాగుచేసేవాళ్ళు ఇత్తడి ప్లేటులో విరిగిన ఉక్కు మరమేకుని పటిక నీళ్ళలో వేసి కరిగిస్తారు. పటిక నీళ్ళు ఉక్కుని తింటాయి, రాగి, ఇత్తడి జోలికి పెద్దగా పోవు. "అమ్మా, ఆ పటిక కొంచెం ఇవ్వవే" అంటే, "నీకెందుకురా, షేవింగుకా?" అంది.

కిరాణా కొట్లో ఇంకో పావుకిలో కొన్నాను. గాజు సీసాలో వేడినీళ్ళు పోసి, ఇక కరగనంత పటిక వేసి, సిలిండర్ అందులో ముంచాను. ఉక్కు, ఇనుము తగిలిన పార్టు ఇంకేదీ దాంట్లో ఉండకూడదు. సీసాని గిన్నెడు నీళ్ళలో పెట్టి సన్న మంట మీద వేడి తగ్గకుండా చూశాను. చల్లారితే పని ఆగిపోతుంది.

పది నిమిషాలకి ఆ ఆరో రంధ్రంలోంచి బుడగ ఒకటి వచ్చింది. ఆవగింజలో పావు వంతు ఉంటుందేమో. అంచు దగ్గర కాసేపు వేలాడి, పైకి తేలింది. దాని వెనకే ఇంకొకటి. తరవాత సన్నటి దారంలాగా వరసగా. మిగతా ఐదు రంధ్రాల్లోంచి ఒక్క బుడగ లేదు. అమ్మ కూడా వంట ఆపి పక్కన నుంచుని చూసింది.

ఆగస్టు 1

రెండు రోజులు పట్టింది. సాయంత్రాలు నీళ్ళు మార్చి కొత్త పటిక వేశాను. ఇవాళ రంధ్రంలో సూది పెట్టి కెలికితే నల్లటి బురద వచ్చింది, దానితో పాటే ట్యాపు తాలూకు చివరి ముక్క. పళ్ళన్నీ తినేసి వడ్లగింజలాగా నున్నగా అయిపోయింది. రంధ్రంలో అంతకుముందు పడిన మర చెక్కు చెదరలేదు. గన్‌మెటల్ రంగు కొంచెం ఎర్రబడింది, బ్రాసో గుడ్డతో రుద్దితే పోయింది. కొత్త ట్యాపు, చిన్న పిడి, ఒక చుక్క నూనె. ఆరో మర పూర్తి.

ఆ నల్లటి ముక్కని చిన్న సీసాలో వేసి లేత్ మీద పెట్టుకున్నాను.

ఆగస్టు 17

వాల్వ్. ఈ ఇంజన్‌కి ప్రాణం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. సిలిండర్ పక్కనున్న చదునైన ముఖం మీద మూడు సందులు. రెండు చివర్లవి ఆవిరి వెళ్ళే దారులు, ఒక్కోటి 1.5 మిల్లీల వెడల్పు. మధ్యది వాడిన ఆవిరి బయటికి పోయే దారి, 3 మిల్లీలు. వాటి మధ్య గట్లు 1.5 చొప్పున. వీటి మీద గిన్నె బోర్లించినట్టు ఒక చిన్న దిమ్మ జారుతూ ఉంటుంది, అదే స్లైడ్ వాల్వ్. వాట్ దగ్గర పనిచేసిన విలియం మర్డాక్ 1799లో ఈ తరహా వాల్వ్‌కి పేటెంట్ తీసుకున్నాడు.

మూడు సందుల బయటి అంచు నుంచి బయటి అంచుకి 9 మిల్లీలు. వాల్వ్ పొడవు 10 పెట్టాను, అంటే నడిమధ్య ఉన్నప్పుడు ఒక్కో పక్క అర మిల్లీ అదనంగా కప్పుతుంది. దాన్ని ల్యాప్ అంటారు. ల్యాప్ ఉంటే స్ట్రోకు పూర్తికాక ముందే ఆవిరి దారి మూసుకుంటుంది, లోపల చిక్కిన ఆవిరి వ్యాకోచిస్తూ మిగతా దూరం నెడుతుంది. ఊక ఆదా. అర మిల్లీ ల్యాప్, 1.5 దారి పూర్తిగా తెరవాలి, కలిపితే 2. ఎక్సెంట్రిక్ జరుపు 2 మిల్లీలు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

సందులు తియ్యడానికి నా లేత్ పనికిరాదు. 1.5 మిల్లీల కట్టరు ఇత్తడి లాంటి లోహంలో సరిగ్గా కోయాలంటే నిమిషానికి పన్నెండు వేల చుట్లు పైనే తిరగాలి, నా లేత్ 600 దాటదు. మా వీధి ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను. బంగారప్పని చేసే ఆయన దగ్గర వేలాడే చిన్న మోటారు, దానికి వంగే గొట్టం ఉన్నాయి. 1.4 డ్రిల్లుతో వరసగా చుక్కలు వేసుకుని, మధ్య గట్లు ఆయన సన్న ఉలితో తీశాం. అంచులు సూది ఆకురాయితో నేనే సరిచేశాను.

వాల్వ్ దిమ్మ 10కి 14 మిల్లీలు, ఎత్తు 5. దాని కింద ముఖం చదును చెయ్యాలి. వైసులో బిగిస్తే నలుగుతుంది, వదులుగా పెడితే ఎగిరిపోతుంది. ఆచారి గారు నా చేతిలోంచి తీసుకుని, కర్ర మీద లక్క వేడి చేసి, దిమ్మని అందులో అద్ది చల్లారనిచ్చారు. "మేం నగలు పట్టుకునేది ఇలాగేనండీ. ఎక్కడా నొక్కదు, కదలదు" అన్నారు. నేను ముప్పై ఏళ్ళుగా చక్‌లు, క్లాంపులు, వైసులు అంటూ తిరిగాను. ఏ దవడా లేకుండా పట్టుకోవచ్చన్నది ఆయన షాపులో ముక్కాలిపీట మీద కూర్చుని నేర్చుకున్నాను. మర్నాడు ఇత్తడి రాడ్డు చివర చదును చేసి, లక్క కరిగించి, దిమ్మని అంటించి లేత్ మీదే లోపలి గుంట మొదలుపెట్టాను. కోత సన్నగా, నెమ్మదిగా ఉండాలి. వేడెక్కితే లక్క వదిలేస్తుంది. పని అయ్యాక కొంచెం మంట చూపిస్తే దిమ్మ ఊడి వచ్చేసింది, మిగిలిన లక్క స్పిరిట్‌తో పోయింది. గుంట మూలలు ఉలితో తీసి 6 మిల్లీలకి తెచ్చాను.

చివర మందపాటి అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి, వాల్వ్‌నీ సిలిండర్ ముఖాన్నీ విడివిడిగా ఎనిమిది ఆకారంలో రుద్దాను. నీలం రాసి చూస్తే ముఖమంతా ఒకే రంగు.

సెప్టెంబరు 14

క్రాస్‌హెడ్, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు బిళ్ళ, గ్లాండులు (రాడ్డు చుట్టూ ఆవిరి కారకుండా బిగించే మూతలు) అయిపోయాయి. వీటిలో కొత్తగా రాయాల్సింది పెద్దగా లేదు. క్రాంకు బిళ్ళలో పిన్ను రంధ్రం మధ్య నుంచి సరిగ్గా 15 మిల్లీలు, అది తప్పితే స్ట్రోకు తప్పుతుంది. ఎం2 స్టడ్డులు నలభై, నట్లు నలభై చేశాం, కుర్రాడు చాలా ఓపికగా చేశాడు.

బాయిలర్ ఎప్పుడని అడుగుతున్నారు. రాగి గొట్టం తెచ్చాను, మొదలుపెట్టలేదు. బాయిలర్ల చట్టం 25 లీటర్ల కంటే తక్కువ పట్టేవాటిని బాయిలర్ అని లెక్కపెట్టదు, నాది అర లీటరు కూడా రాదు. అయినా ఆవిరి ఆవిరే. 2 కేజీల ప్రెషరు దగ్గర దాని వేడి 133 డిగ్రీలు. మామూలు సీసం టంకం 183 దగ్గర కరగడం మొదలవుతుంది, నీళ్ళు తగ్గితే ఆ తేడా ఎంతసేపు? కాబట్టి వెండి టంకమే, వెలిగారం వేసి, ఆచారి గారి సాయంతో. నీళ్ళు నింపి 4 కేజీలకి పరీక్ష చేసి, ఎక్కడా చెమ్మ కూడా రాకపోతేనే మంట.

అక్టోబరు 18

అన్నీ బిగించాను. టైమింగ్ ఇలా పెట్టాను. స్టీమ్ చెస్ట్ (వాల్వ్ ఉండే పెట్టె) మూత తీసి, క్రాంకుని ఒక చివర డెడ్ సెంటర్‌లో (పిస్టన్ ఆ కొసకి చేరి ఆగే చోట) నిలిపి, ఎక్సెంట్రిక్‌ని తిప్పుతూ ఆ చివరి దారి అంచూ వాల్వ్ అంచూ కలిసే చోట మరమేకు బిగించాను. లెక్క ప్రకారం ఎక్సెంట్రిక్ క్రాంకు కంటే 104.5 డిగ్రీలు ముందుండాలి, ల్యాప్ 0.5ని జరుపు 2తో భాగిస్తే వచ్చే కోణం 14.5, దానికి 90 కలపాలి. కోణమానిని పెట్టి చూస్తే 105 దగ్గర ఉంది. రెండో చివర అంచు కొంచెం ముందే తెరుచుకుంటోంది. తేడాలో సగం వాల్వ్ రాడ్డు నట్టు దగ్గర సర్దాను.

అక్టోబరు 19

సాయంత్రం ఇంజన్ని పీట మీద బిగించి బస్టాండు దగ్గరి పంచర్ షాపుకి తీసుకెళ్ళాను. ఆవిరి పెట్టే ముందు గాలితో తిప్పి చూడటం పద్ధతి, నా దగ్గర కంప్రెసర్ లేదు. తాతతో పాటు ఆ మిల్లులో ఆయిల్ మేన్‌గా చేసిన పెదనాన్నగారిని స్కూటరు మీద ఎక్కించుకెళ్ళాను. ఆయనకి ఎనభై నాలుగు. చూపు బాగా తగ్గింది.

గొట్టం తగిలించి, చిన్న వాల్వ్ తెరిచి, 10 పౌండ్లు పెట్టాం. కదల్లేదు. 15. ఫ్లైవీల్‌ని వేలితో తోస్తే అర చుట్టు తిరిగి ఆగింది. 20 పెడితే దడదడ రెండు చుట్లు తిరిగి మళ్ళీ ఆగింది. చుట్టూ జనం. నాకు టెన్షన్ మొదలైంది. వాల్వ్ తప్పు పెట్టానా, పిస్టన్ పట్టేసిందా అని మనసులో పార్టులన్నీ విప్పేస్తున్నాను.

పెదనాన్నగారు స్టూలు ముందుకి జరుపుకుని, పీట మీద అరచెయ్యి ఆనించారు. "ఇంకోసారి తొయ్యి అబ్బాయ్" అన్నారు. తోశాను. కాసేపు చెయ్యి తియ్యలేదు.

"గ్లాండు బిగించేశావు. రాడ్డు అక్కడ ఏడుస్తోంది. పావు వంతు వదులు."

"పిస్టన్ వైపుదాండీ, వాల్వ్ వైపుదా?"

"పెద్దది. పిస్టన్‌ది."

రెండు నట్లనీ పావు చుట్టు చొప్పున వదిలాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి చెయ్యి తుడుచుకుని, మళ్ళీ పీట మీద పెట్టారు. 8 పౌండ్ల దగ్గర ఇంజన్ తనంతట తనే కదిలింది. ముందు భారంగా ఒక చుట్టు, తరవాత ఇంకోటి, ఆ తరవాత లెక్కపెట్టలేకపోయాం. వాల్వ్ రాడ్డు ఆ చిన్న పెట్టెలోకి దూరుతూ వస్తూ ఉంటే, ఎగ్జాస్టు గొట్టం దగ్గర పెట్టిన చేతికి ఫుస్, ఫుస్ అని గాలి తగులుతోంది. లారీ డ్రైవరు ఒకాయన ఫోను తీసి వీడియో తీసుకున్నారు. గాలి 6కి తగ్గించినా ఆగలేదు.

పెదనాన్నగారు చెయ్యి తియ్యకుండానే అడిగారు, "నూనె డబ్బా తెచ్చావా?"

"ఆయ్, తెచ్చానండి."

"ఇలా ఇయ్యి. క్రాంకు పిన్ను దగ్గర ఒక చుక్క వెయ్యాలి. ఇంజన్ ఆపకు."